నోటికి రాని పేరు

ఇది నేను ఎప్పుడో రాసి ఉండవలసింది. రాయలేకపోవడానికి కారణం ఒక చల్లకుండ.

పెళ్లయి బోధన్ దగ్గరి ఈ ఊరికి వచ్చిన కొత్తలో, పెద్దవాళ్లకు చదువు చెప్పే బడి ఒకటి మా వాడలో పెట్టారు. తలా ఒక పలక, బలపం ఇచ్చారు. చిన్నప్పుడు నాకు బడి లేదు. రుద్రూర్ పక్కన ఒక రైతు ఇంట్లో బర్లు కాసేదాన్ని. అందుకని ఆ పలకను కొంగులో చుట్టుకుని, గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకుని ఇంటికి తెచ్చాను. మా అత్త దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. తీసుకెళ్లి చల్లకుండ మీద మూత పెట్టింది.

"మంచిగ కుదిరిందే" అంది. కోపంతో కాదు. నిజంగానే సంతోషపడింది.

ఆనాటి నుంచి రోజూ పొద్దున ఆ పలకను తీసేది నేనే, చల్ల చిలికి మళ్లీ మూసేది నేనే. దాని మీద నా తడి వేళ్లు పడేవి, వెన్న మరకలు పడేవి. అక్షరం మాత్రం పడలేదు. నాలుగు పక్కలా ఉన్న చెక్క చివికి ఊడిపోయింది. నల్లరాయి మాత్రం చాలా ఏళ్లు నిలిచింది. ఒకరోజు పిల్లి దూకితే కింద పడి పగిలింది. మంచి మూత పోయిందని అత్త ఆ పూటంతా నన్ను తిట్టింది.

మా ఇంటాయన చెరుకు ట్రాక్టరు నడిపేవాడు. ఆయన పోయాక, బిడ్డ పెళ్లయి వెళ్లాక, ఇంట్లో ఇద్దరం మిగిలాం, అత్తా నేనూ. నేను చెరుకు కొట్టడానికి పోయేదాన్ని. మహిళా సంఘంలో లెక్కలు రాసే పిల్ల ఒకసారి నా వేలిముద్ర తీసుకుంటూ, వేలిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పెద్దమ్మా, చెరుకాకు కోసీ కోసీ నీ వేలు అరిగిపోయింది. ముద్ర పడతనే లేదు. గిట్లయితే నువ్వు ఉన్నట్టా లేనట్టా? సంతకం నేర్సుకోరాదు" అంది.

నవ్వులాటకే అంది. నేను నేర్చుకున్నాను. ముందు సంతకం, తర్వాత ఒత్తులు, గుణింతాలు. ఎరువు బస్తాల మీద రాతలు, బస్సుల బోర్డులు, గోడల మీద ఎన్నికల పేర్లు, ఏది కనిపిస్తే అది చదివేదాన్ని. అప్పటికి నా తల సగం నెరిసింది. అత్త అరుగు మీద కూర్చుని నన్నే చూసేది.

"సచ్చినంక యముని తాన సంతకం వెడ్తవానే?" అనేది.

మారిషస్ సంగతి కూడా ఆ లెక్కలు రాసే పిల్లే చెప్పింది. అది సముద్రంలో ఒక దీవి. వెనకటి రోజుల్లో కోస్తా దిక్కు తెలుగువాళ్లను అక్కడికి చెరుకు తోటల్లో పనికి తీసుకుపోయారు. వాళ్లు అక్కడే ఉండిపోయారు. వాళ్ల మనవరాళ్లు, మునిమనవరాళ్లు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. తెలుగు రాదు. చచ్చేలోపల నేర్చుకోవాలని ఉంది. నిజామాబాద్‌లో ఒక సంస్థవాళ్లు ఆరు నెలలకని మనుషుల్ని పంపుతున్నారు. పెద్దతనంలో అక్షరం నేర్చుకున్నవాళ్లయితే ఆ ముసలివాళ్ల బాధ తెలుస్తుందని, అటువంటివాళ్లను కూడా చూస్తున్నారు. విమానం టికెట్టు వాళ్లదే. తిండి, పడక అక్కడి ఇళ్లల్లో. జీతం లేదు.

నాకు పోవాలనిపించింది. ఎందుకో చెబుతాను. పుట్టినప్పటి నుంచి నేను ఒకరి బిడ్డను, ఒకరి బర్లకాపరిని, ఒకరి పెళ్లాన్ని, ఒకరి కోడల్ని. ఆ దీవిలో దిగితే ఎవరికీ ఏమీ కాను. చెరుకు కొట్టిన ముసలివాళ్ల ముందు చెరుకు కొట్టినదాన్నే నిలబడి, ఇది అ, ఇది ఆ అంటాను. ఆరు నెలలు. ఆ తర్వాత మళ్లీ వచ్చి కోడలిగానే చచ్చిపోయినా నాకు అభ్యంతరం లేదు.

మా ఊళ్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. దేశం దాటడమంటే పైసలకే దాటాలి. నల్లా దగ్గర ఈ మాట తెలిశాక పక్కింటామె బిందె దించి మరీ అడిగింది.

"జీతం లేని దుబాయి ఏడుందక్కా? నాకు జెర సూపెట్టు, మా మొగున్ని అటు తోలుత."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చేసరికి అత్తకు అప్పటికే తెలిసిపోయింది.

"జీతమెంతనే?"

"లేదత్తా. సేవకు పోవుడు."

"బత్తెం?"

"తిండి వెడ్తరు."

"అంటె వెట్టి అన్నట్టు."

ఆ మాట ఆమెకు పుస్తకంలోంచి వచ్చింది కాదు. చిన్నపిల్లప్పుడు తల్లి కొంగు పట్టుకుని దొర ఉండే గడికి పోయేది. కూలి లేకుండా నీళ్లు మోయడం, వాకిళ్లు ఊడ్వడం, పిలిచిన పూట పోకపోతే దెబ్బలు తినడం, వెట్టి అంటే అదీ. తల్లి వీపు మీద దెబ్బ పడుతుంటే పక్కన నిలబడి చూసిన మనిషి.

"మమ్ముల కొట్టి చేయించుకున్నరే. నువ్వు ఇమానమెక్కి పోయి చేస్తనంటున్నవ్. మాకన్న నువ్వే షోకైన వెట్టిదానివి" అని పడీ పడీ నవ్వింది. స్వచ్ఛంద సేవ అనే మాట మా వాడలో ఎవరి నోరూ తిరగలేదు. ఈ మాట అందరి నోళ్లూ తిరిగింది. వారం తిరక్కుండా పిల్లలు నన్ను వెట్టక్క అని పిలిచారు.

నేను పోతే ఆమె మోస్రాలో తన బిడ్డ దగ్గర ఉండాలి. అది ఆమెకు చావుకన్నా ఎక్కువ. "అల్లుని ఇంట్ల కూడు తినుమంటవా?" అంది ఒకసారి. ఆ ఒక్కసారే నవ్వకుండా అంది.

నిజామాబాద్ బస్టాండు వెనక ఒక పాత హాస్టలు హాల్లో మాకు మొదటి శిక్షణ. ఆడవాళ్లమే ఎక్కువ. నేర్పే మేడం రిటైరైన టీచరు. తనే ఆ దీవిలో కొన్నేళ్లు ఉండి వచ్చింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం హాలంత. అందరం కూర్చున్నాక మొదటి మాటగా ఏమందంటే:

"మీరు రావాలని అక్కడ ఎవ్వరు ఏడుస్తలేరు. మీరే పోతమంటున్నరు. అది యాదికి వెట్టుకోండ్రి."

ఆ పూటంతా మాతో ఆ దీవి భాషలోనే మాట్లాడింది. కూర్చోమందో నిలబడమందో తెలియదు. తప్పు చేస్తే నవ్వేది. వెక్కిరించేది. ఒకామె కళ్లనీళ్లు పెట్టుకుంటే అప్పుడు తెలుగులోకి దిగింది.

"ఏడ్చినంక ముక్కు తుడుచుకొని బస్సెక్కు. మిగిలినోళ్లు ఇనుండ్రి. ఇప్పుడు మీరు తెల్లమొహాలేసుకొని కూసున్నరు సూడుండ్రి, అక్కడ మీ ముందు కూసునే ముసలామెకు మీ అక్షరాలను సూస్తే గిట్లనే ఉంటది. మీరేమో నవ్వద్దు."

వెనక కూర్చున్న పెద్దమనిషి ఒకాయన లేచి, "అక్కడ మన అన్నం దొరుకుతదా మేడం?" అని అడిగాడు.

"దొరుకుతది. అలిగితే బుజ్జగించే పెండ్లాం దొరకది" అంది. ఆయన రెండోరోజు రాలేదు.

ఎటువంటి మనిషి కావాలో చెప్పమంటూ ఒక్కొక్కరినీ లేపింది. అందరం ఓపిక అన్నాం. నేను గట్టిగా అన్నాను, నా దగ్గర ఉన్నది అదొక్కటే కనుక.

"ఓపిక బర్రెకు గూడ ఉంటది" అంది మేడం నా వైపే చూస్తూ. "నాకు ఓపిక ఒక్కటే ఉన్నోళ్లు వద్దు. మొహం మీద మాట చెప్పేటోళ్లు గావాలె. తప్పంటే తప్పు, కాదంటే కాదు. సిగ్గు ఇంట్ల వెట్టి తాళమేసి రావాలె."

చాయ్ తాగడం అయ్యాక నేను అందరి గ్లాసులూ పోగుచేసి నల్లా దగ్గర కడిగాను. ఎవరూ చెప్పలేదు. ఖాళీ గ్లాసు కనిపిస్తే నా చెయ్యి పోతుంది. బీఎడ్ చదివిన ఒక చిన్న పిల్ల మాత్రం తన గ్లాసు నాకు ఇవ్వలేదు. "నాది నేనే కడుక్కుంట, మేడంది మేడమే కడుక్కుంటది" అంది, మేడం వినేట్టుగానే. మేడం ఆ పిల్లను ఒకసారి చూసింది. వచ్చి తన గ్లాసు నా చేతిలో పెట్టింది. నాకు అది మెప్పులా అనిపించింది.

అక్షరాలు చెప్పే పద్ధతి మధ్యాహ్నం నేర్పింది.

"అ ఆలతోని మొదలువెట్టద్దు. వాళ్లకు భాష పోయింది, పేర్లు మిగిలినయి. తాత పేరు, అవ్వ పేరు, వాళ్ల పేరు, గవే వాళ్ల తాన ఉన్న తెలుగు. ముందు పేరు అడుగాలె. ఆ పేరు బిగ్గరగ మూడుసార్లు మీరు పలకాలె, అక్షరానికి ఒక చప్పట కొట్టుకుంట. తర్వాత వాళ్లతోని పలికించాలె. అప్పుడు రాయాలె. నోట్లె లేనిది చేతికి రాదు."

మేము ఒకరి పేర్లు ఒకరం పలుకుతూ చప్పట్లు కొట్టాం. తర్వాత మేడం ఇంటి పని ఇచ్చింది. అక్షరం ముక్క రాని ముసలి మనిషిని ఒకరిని పట్టుకుని పేరు రాయడం నేర్పాలి. తర్వాతి శిక్షణకు వెంట తీసుకురావాలి. వాళ్లు ఫెయిలైతే మేము ఫెయిలు.

"నీ ఇంట్ల ఎవరున్నరు?" అని నన్ను అడిగింది.

"మా అత్త."

"అక్షరం వచ్చునా?"

"రాదు మేడం."

"ఆమెనే తీస్కరా."

హాల్లో ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. కోడళ్లు కానివాళ్లు అక్కడ ఎవరున్నారు గనక.

మా ఇళ్లల్లో కోడలు మొగుడి పేరు ఎత్తదు, అత్త పేరు ఎత్తదు. మా అత్త పేరు ఊరి చివర గుడిలో ఉన్న దేవత పేరే. ఆ గుడికి పోయి మొక్కేటప్పుడు కూడా నేను "తల్లీ" అనేదాన్నే తప్ప పేరు పలకలేదు. వాడలో అదే పేరు పెట్టిన చిన్నపిల్ల ఒకతి ఉంది. దాన్ని "ఓ పొట్టీ" అని పిలుస్తాను. అది కష్టమని ఎప్పుడూ అనుకోలేదు. కాలికి చెప్పు లేకుండా పెరిగినవాళ్లకు చెప్పు లేకపోవడం తెలియనట్టు.

అత్త ఒప్పుకోదనుకున్నాను. సంగతి చెప్పాను. ఆమె దంచుకున్న వక్క నోట్లో వేసుకుంది.

"నాకు రాయొస్తె నువ్వు పోతవ్. రాకుంటె పోవు. గంతేనా?"

"గంతే అత్తా."

"మరింకేంది, నేర్పు" అంది. ఇన్నేళ్లలో ఆమె మొహంలో అంత కళ నేను చూడలేదు.

బోధన్ పోయి కొత్త పలక తెచ్చాను. దాన్ని చేతిలోకి తీసుకుని, మొదటి పలకను చూసినట్టే అటూ ఇటూ తిప్పింది. "గిది గుడ కుండకు సరిపోతదే" అంది. ఆమెకు అంతా గుర్తుంది.

పేరు పలకకుండా పేరు నేర్పాను. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. పలక మీద రాసి, చూపించి, "ఇది నువ్వు" అన్నాను. అక్షరాలను ఆమె తన లెక్కలో గుర్తు పెట్టుకుంది. మొదటిది కొడవలి, రెండోది గంప, మూడోది తోక లేపిన కోడి. "కొడవలి ఎనక గంప ఎందుకొచ్చిందే?" అని అడిగేది. "కోసినంక ఎత్తాలె గద" అనేదాన్ని. అట్లా నడిచింది.

ఆమె నన్ను ఊరికే వదల్లేదు. నేను పలక తీయగానే చాయ్ అడిగేది. చాయ్ తాగాక కాళ్లు ఒత్తమనేది. "కాళ్లు ఒత్తు, గప్పుడు రాస్త. నా కాళ్లు గుంజుతుంటె చెయ్యేడ నడుస్తది?" కాళ్లు ఒత్తాక ఒక్క అక్షరం రాసి, మిగతాది నా ముందే ఉమ్మి పెట్టి చెరిపేసేది. చెరిపి నా మొహం చూసేది. నేను మళ్లీ రాసేదాన్ని.

నేనూ ఆమెను ఊరికే వదల్లేదు. బలపం పట్టించేటప్పుడు ఆమె వేళ్ల మీద నా వేళ్లు వేసి నొక్కేదాన్ని. చెరుకు గడ పట్టినట్టు పట్టేదాన్ని. ఆమె వేళ్లు వంకర తిరిగి ఉంటాయి, నొక్కితే నొప్పి. ఆమె అబ్బా అనేది కాదు. అననందుకు ఇంకా నొక్కేదాన్ని. ఆ ఘడియ నాకు హాయిగా ఉండేది. ఇద్దరం ఒకే బలపం పట్టుకుని, కొడవలి గీసేవాళ్లం.

ఒకరోజు పొలం నుంచి త్వరగా వచ్చాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని, బూడిద పరిచి, వేలితో రాస్తోంది. కొడవలి, గంప, కోడి. మూడూ కుదురుగా, నాకన్నా గుండ్రంగా ఉన్నాయి. నా అడుగు వినగానే అరచేత్తో తుడిచేసింది. నేను చూడనట్టే బిందె తీసుకుని నల్లా దగ్గరికి పోయాను. ఆ పూట నాకు అన్నం ఎక్కువ పోయింది. ఇక నేను పోయినట్టే అనుకున్నాను. లెక్కలు రాసే పిల్లకు కూడా చెప్పాను.

పోయేరోజు అత్త పెట్టెలోని పట్టంచు చీర తీసి కట్టుకుంది. బస్సులో ఎక్కినవాళ్లకల్లా చెప్పింది. "నా కోడలు నన్ను సదివిపిస్తున్నది. కలెక్టరును చేస్తదట." కండక్టరు దాకా నవ్వారు. ఆమె కిటికీ పక్కన కూర్చుని, కోసిన చెరుకు మళ్లు చూస్తూ, నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను కదలకుండా కూర్చున్నాను.

హాల్లో ముందు బీఎడ్ పిల్ల వంతు. వాళ్ల గల్లీలో గాజులమ్మే ముసలమ్మను తెచ్చింది. ఆమె ఎదుట నిలబడి, పేరు పెట్టి, ఒక్కో అక్షరానికి చప్పట కొడుతూ మూడుసార్లు పలికింది. ముసలమ్మ సిగ్గుపడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, తన పేరు తనే పలికింది. రాసింది. ఒక దీర్ఘం పోయింది. "దీర్ఘం రేపు పెడ్తది" అంది మేడం.

తర్వాత మేము. అత్తను కుర్చీలో కూర్చోబెట్టి పలక ఒళ్లో పెట్టాను. బలపం కొనను నేనే నేలకు రుద్ది సన్నం చేసి ఇచ్చాను.

"నీ పేరేందవ్వా?" అంది మేడం.

"నన్నెందుకడుగుతవ్ బిడ్డా? నేర్పింది నా కోడలు. దాన్నే అడుగు."

మేడం నా వైపు తిరిగింది. "సరే. నువ్వు మొదలువెట్టు."

"బలపం పట్టు అత్తా" అన్నాను.

"రాసుడు తర్వాత. పేరు పలుకు, మూడుసార్లు."

నేను పలక వైపు చూశాను. అత్త నా వైపు చూస్తోంది. మిగిలిన రెండు పళ్లూ కనిపించేలా నవ్వుతోంది. అప్పుడు అర్థమైంది నాకు. ఆమె మొదటిరోజు నుంచే దీని కోసం కాచుకుని కూర్చుంది.

"ఒక్కపారి గుడ అనలే బిడ్డా" అంది అత్త మేడంతో, ఫిర్యాదు చేసే చిన్నపిల్లలా. "అడుగుండ్రి, నా పేరు దీని నోట్లకెళ్లి ఒక్కపారన్న వచ్చిందేమో. కొడవలి అన్నది, గంప అన్నది, కోడి అన్నది. అవి నా పేరని నాకెట్లెరుక? నాకేం రాదు." బలపం తీసి పలక మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

హాలంతా నవ్వింది. మేడం నవ్వలేదు. నవ్వేవాళ్లను చేత్తోనే ఆపి, నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఆమె రాయకున్నా మంచిదే. నువ్వు పలుకు. మూడుసార్లు కాదు, ఒక్కసారి. పలికితే నువ్వు పోతవ్. నేను ఆగుత."

ఆగింది. ఫ్యాను తిరుగుతోంది. ఆ పేరు నా నోట్లోనే ఉంది. చిన్న పేరు. మా వాడలో పిల్లలు ఆ పేరు అరుచుకుంటూ ఆడుకుంటారు. మారిషస్ ఆ పేరుకు అవతల ఉంది, విమానం, సముద్రం, ముసలివాళ్లు, నేను పక్కన నిలబడే నల్లబల్ల అన్నీ దానికి అవతలే ఉన్నాయి. నాలుక లేవలేదు. చివరికి నా నోటి నుంచి వచ్చిన మాట:

"మా అత్త."

మేడం నిట్టూర్చలేదు, జాలిపడలేదు. ఆమెకు జాలి అలవాటు లేదు.

"అక్కడ నీ ముందు కూసునేటోళ్లందరు అత్తలే. ఒక్కొక్కరిని పేరు వెట్టి పిలవాలె. నీకు నోరు లేవది. కానీ చెయ్యి లేస్తది. ఎవరు చెప్పకున్న అందరి గ్లాసులు కడిగినవ్. నా గ్లాసిస్తే అది గూడ కడిగినవ్, సూద్దామనే ఇచ్చిన. నిన్ను పంపిస్తే నువ్వు సదువు చెప్పవు, ఉన్న ఇంట్ల గిన్నెలు తోముతవ్. వాళ్లు వద్దనరు. నువ్వు కాదనవు. ఆర్నెల్లు. దాన్నేమంటరో తెలుసా?"

"వెట్టి" అంది అత్త.

మేడం ఆమె వైపు తిరిగి చూసింది. ఇద్దరు ముసలి ఆడవాళ్లూ ఒకరినొకరు మెచ్చుకున్నట్టు చూసుకున్నారు. ఆ హాల్లో ఒకరి మాట ఒకరికి సరిగ్గా అర్థమైంది వాళ్లిద్దరికే.

బీఎడ్ పిల్లను ఎంచుకున్నారు. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి ఏదో అనబోయింది. అప్పుడే చాయ్ వచ్చింది. అందరూ తాగారు. కాసేపటికి చూస్తే నేను నల్లా దగ్గర ఉన్నాను. తట్ట నిండా గ్లాసులు, సగం అప్పటికే కడిగి ఉన్నాయి. ఎప్పుడు పోగుచేశానో తెలియదు. మిగతా సగం వదిలేసి రావచ్చు. రాలేదు. కడిగేశాను.

తిరిగి వచ్చేటప్పుడు అత్త బోధన్ బస్టాండులో మిర్చి బజ్జీ కావాలంది. కొన్నాను. ఆమెకు ఉన్నవి రెండు పళ్లే కనుక లోపలి మిర్చి తీసేసి, పైపిండి తుంచి పెట్టాను. తింది. "ఉప్పెక్కువైంది" అంది.

పొద్దుగూకే ముందు వాకిట్లో కూర్చుంది. నేను పొయ్యి అంటిస్తున్నాను. "పలక తే" అంది. తెచ్చి ఇచ్చాను. చీర మడతలోంచి బలపం తీసింది. హాల్లో పలక మీద పెట్టిన బలపాన్ని మళ్లీ ఎప్పుడు తీసి దాచుకుందో. ఒళ్లో పలక పెట్టుకుని, కళ్లు దగ్గరికి పెట్టి, ఒక్కసారి కూడా ఆగకుండా తన పేరు రాసింది. రాసి నాకు చూపించింది. తప్పు లేదు.

"సూడు, వచ్చింది" అంది.

నేను చూశాను. నా మొహంలో ఆమె వెతికినది కనిపించి ఉంటుంది. నిమ్మళంగా గోడకు ఆనుకుంది.

"పొద్దుగాల నా కొడుకు పేరు రాసియ్యి. అది నేర్సుకుంట" అంది.

ఈసారి ఆమె గొంతులో వెక్కిరింపు లేదు. కొడుకు పేరు ఒకసారి పైకే పలికింది. మా ఇంటాయన పేరు కూడా నా నోటితో నేను ఎన్నడూ అనలేదు. ఆమెకు ఆ పేరు అనే హక్కు ఉంది, రాయడం రాదు. నాకు రాయడం వచ్చు.

మరునాడు పొద్దున వాకిలి ఊడ్చాను. చల్ల చిలికాను. పలక మీద ఆమె పేరు నిన్న రాసినట్టే ఉంది. చెరపలేదు. రాత పైకి వచ్చేలా దాన్ని చల్లకుండ మీద మూత పెట్టాను. సరిగ్గా సరిపోయింది.

అత్త లేచి, మొహం కడుక్కుని, అరుగు మీద కూర్చుంది. కొంగు సర్దుకుంది. చెయ్యి చాపి, "పలకేదే?" అంది.

ఎదురుగా నల్లా దగ్గర వాడ ఆడవాళ్లంతా బిందెలతో ఉన్నారు. నేను ఆమె ముందుకు పోయి నిలబడ్డాను. ఆమెను పేరు పెట్టి పిలిచాను. అత్తా అని ముందు లేదు, వెనక లేదు. ఒట్టి పేరు. మేడం నేర్పినట్టు, అక్షరానికి ఒక చప్పట కొడుతూ, బిగ్గరగా. నల్లా దగ్గర మాటలు ఆగిపోయాయి. రెండోసారి పిలిచాను. ఆమె చాపిన చెయ్యి అట్లాగే ఉంది, నోరు తెరుచుకుంది. మూడోసారి కూడా పిలిచి, పలక చల్లకుండ మీద ఉన్నదని చెప్పాను.